నాలుగో పాటకి లేచినాయన

హలో… ఆ, నేనే బాబాయ్, సిద్ధార్థనే. నా నెంబరుకి చేసి ఎవరూ అని అడుగుతావేంటి…

లేదు, నిద్రపోవట్లేదు. ఆదివారం పదకొండింటికి ఎవడు పడుకుంటాడు… సరే, పడుకునే ఉన్నా. చెప్పు.

సారీ ఎందుకు?… ఓ, రాత్రి బారుకి రాలేకపోయావనా. షూటింగ్ పడిందా… ఏం వేషం… శవమా. ఆహా. డైలాగేమైనా ఉందా?… ఊరికే అడిగాలే.

కోపమేం లేదు బాబాయ్! నిజం చెప్పాలంటే నువ్వు రాకపోవడమే మంచిదైంది… అలగకు. నీ బదులు పంపావే, ఆయన నీకంటే బాగా చేశాడు. అందుకన్నా.

నీ పని నచ్చక కాదు… అంటే, నచ్చకే. మనం అనుకున్నదేంటి? కస్టమర్‌లా ముందు టేబుల్లో కూర్చుంటావు. నేను పాడుతుంటే నాలుగో పాటకి లేచి ‘ఇదీ ఒక పాటేనా’ అని అరుస్తావు. నేను మైకులో నిన్ను దులిపేస్తా. జనం నవ్వి నవ్వి, పాట ఎలా ఉందో మర్చిపోతారు. ఇంతే కదా! నువ్వు అరిస్తే ఎలా ఉంటుందో తెలుసా? కోపంగా ఉండదు. బాధగా ఉంటుంది. పన్ను నొప్పితో వచ్చినవాడిలా మొహం పెడతావు. ఓవరాక్షన్ తగ్గించు కాశీవిశ్వనాథం బాబాయ్ అని మూడు నెలల్నించీ మొత్తుకుంటున్నా…

సరే, వదిలెయ్. 

అసలు మన జనానికి ఈ తిట్లు లేకపోతే పాటలెవడు వింటాడు? జూబ్లీహిల్స్ బారుకొచ్చామని, బయల్దేరకముందే ఇంటి దగ్గర ఫొటో తీసి స్టేటస్ పెట్టేస్తారు. నలుగురొచ్చి ఒక్క బీరు చెప్పి నాలుగు గ్లాసులడుగుతారు. ఫ్రీ పల్లీలు మూడుసార్లు నింపించుకుంటారు. హ్యాపీ బర్త్‌డే వాయించమని చీటీ… పుట్టినరోజు ఎవరిదండీ అంటే, ఎవరిదో ఒకరిది ఉండకపోతుందా, కేకు ఫ్రీ అటగా అంటారు. ఆ మొహాలకి నేను ప్రాణం పెట్టి పాడాలి…

ఆ, ఆయన సంగతే చెప్తున్నా. గళ్ళ చొక్కా, జేబులో పెన్ను, బట్టతల. హెల్మెట్ బైకు మీద వదిలేస్తే పోతుందని లోపలికి తెచ్చి పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. దానిక్కూడా సూప్ చెప్తాడేమో అనుకున్నా. చూడగానే అర్థమైపోయింది, నువ్వు పంపినవాడేనని.

కరెక్టుగా నాలుగో పాట. లేచాడు. శ్రుతి లేదు, లయ లేదు, మాటలు నమిలేస్తున్నావు, నేను మా ఆఫీసు ఫంక్షన్లలో ఇంతకన్నా బాగా పాడేవాణ్ణి అన్నాడు. అందుకేనా అంకుల్, ముందే రిటైర్మెంటిచ్చి ఇంటికి పంపేశారు అన్నా. బారంతా గొల్లుమంది. నేనెవరో తెలుసా అన్నాడు. ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఆ మాట అడిగినవాళ్ళెవరూ మాకు తెలీదండీ, కూర్చోండి అన్నా. ఆంటీ హాల్లో పాడనివ్వదు, బాత్‌రూంలో ట్యాంకర్ నీళ్ళు, ఎక్కువసేపు పాడలేరు, పాపం ఇక్కడికొచ్చారు అన్నా…

కళ్ళనీళ్ళు బాబాయ్! గ్లిజరినూ లేదు, ఏమీ లేదు. పెదవి కూడా వణికించాడు. ఇలాంటి నటుణ్ణి ఇండస్ట్రీ ఎలా వదిలేసిందా అనుకున్నా. నీకిచ్చే అపోలో ఫిష్ ప్లేటు ఆయనకే పంపించేశా. టిష్యూ మీద రాసి మరీ… ‘అదరగొట్టారు. వచ్చే వారం ఇంకాస్త ఏడవండి.’ కింద సంతకం కూడా పెట్టా.

పేరా? నన్నడుగుతావేంటి. పంపింది నువ్వేగా—

ఎవర్నీ పంపలేదా?

బాబాయ్, పొద్దున్నే జోకులొద్దు. కుదరనిరోజు మా యూనియన్ మనిషిని పంపిస్తా అన్నావా లేదా… అన్నావు. పంపలేదు. శవం ఫోన్ పట్టుకోకూడదన్నారు. ఆహా.

మరి ఆయనెవరు?

ఉండు, బార్ మేనేజర్ ప్రేమ్ చంద్ గారి ఫోనొస్తోంది. ఆదివారం ఎప్పుడూ చెయ్యరే… బాబాయ్. రేపేగా సోమవారం? ఆర్నెల్లపాటు శనివారాలు మన బ్యాండుకా, డీజేకా అన్నది ఓనర్ గారు రేపేగా తేల్చేది? వాళ్ళ బావగారు ఒకరోజు చెప్పకుండా వచ్చి విని పోతారు, ఆయన మాటే ఫైనల్ అన్నారు… నేను పెద్ద కారు, డ్రైవరు, మెళ్ళో గొలుసు అనుకున్నా. హెల్మెట్ అనుకోలేదు.

హోల్డ్‌లో పెడుతున్నా. కట్ చెయ్యకు.

హలో… నేనే సార్. గుడ్ మార్నింగ్ సార్…

త్రినాథరావు గారా… ఓహో, ఓనర్ గారి సొంత బావగారు. గళ్ళ చొక్కానా సార్? అంత పరీక్షగా చూళ్ళేదు…

టిష్యూ ఆయన దగ్గరే ఉందా. ఓనర్ గారు కూడా చదివారా… లామినేషన్ చేయించారా? ఎందుకు సార్?

లేదు సార్, వెటకారం కాదు, మనస్ఫూర్తిగా రాశా! ఆ గొంతులో ఆర్ద్రత… పాడలేదు, నిజమే. మాట్లాడితేనే అలా ఉంటే, పాడితే ఎలా ఉంటుందోనని…

ఏంటి సార్?

ఆయన పాడతారా.

ప్రతి శనివారం… రెండు పాటలు… నేను వెనకాల గిటారు. దానికి ఒప్పుకుంటే ఆర్నెల్లూ మాదే… అయ్యో, ఎంత మాట సార్! శ్రుతీ లయా తెలిసిన మనిషి, మా బ్యాండ్ అదృష్టం…

షరతా? చెప్పండి… జనం చప్పట్లు కొట్టాలి. లేచి నిలబడి… మన జనమా సార్? కొడతారు సార్. పల్లీల గిన్నె పక్కన పెట్టి మరీ కొడతారు. కొట్టకపోతే… ఆ, డీజే. అర్థమైంది. నమస్కారం చెప్పానని చెప్పండి సార్. ఉంటా.

బాబాయ్, ఉన్నావా?… బతికాం. సగమే. ఆ గళ్ళ చొక్కా మహానుభావుడే ఓనర్ బావ. ఇక ప్రతి శనివారం రెండు పాటలు పాడతాడు. నేను వెనకాల నిలబడి వాయిస్తా. సిగ్గూ శరమూ శ్రీనగర్ కాలనీలో ఇంట్లోనే వదిలేసి బయల్దేరతా… నవ్వకు!

విను. శనివారం నువ్వు రావాలి. శవం కాదు, దెయ్యం వేషమిచ్చినా సరే, వదిలేసి రా. అరవద్దు. ఆయన పాట అవ్వగానే లేచి చప్పట్లు కొట్టు. ఒకడు లేస్తే మిగతావాళ్ళు గొర్రెల్లా లేస్తారు. కొట్టకపోతే మన పని అయిపోయినట్టే. అదే బీరు, అదే ఫిష్ ప్లేటు…

రెండు ప్లేట్లా! అరిస్తే ఒకటి, చప్పట్లకి రెండా? గొంతైనా నొప్పెట్టదు కదయ్యా…

చప్పట్లకి యాక్టింగ్ చెయ్యాలా. ఊఁ… నిజమే, చెయ్యాలి.

మరి మూడు నెలల్నించీ ‘ఇదీ ఒక పాటేనా’ అని అరిచింది? అదీ యాక్టింగేగా…

బాబాయ్?

ఆ పన్ను నొప్పి మొహం… యాక్టింగేగా అది? ఒక్క శనివారమైనా?… హలో? హలో…