పంటికి కట్టిన వలతాడు

గోదావరి పాయ ఒడ్డున మొగుడు తన పుచ్చుపంటికి వలతాడు కట్టుకుని, రెండో కొసని పడవకి ముడేస్తున్నాడు. చేపలు కోసే కత్తితోనే పెళ్లాం పరుగెత్తుకొచ్చింది.

"తాడు విప్పు మావా."

"పడవ తోస్తే పన్నూడొచ్చేద్దే. మన పేటలో అందరూ ఇలాగే పీక్కుంటారు."

"చిన్నప్పుడు నీకూ మీ అన్నకీ కలిసే కీళ్లు వాచేయంట. ఆనకట్ట కట్టే యేడు ఆయనా ఇలాగే పన్ను పీక్కున్నాడు. ఆ నెల్లోనే జొరం పట్టుకుంది. పేణం తీసేదాకా తగ్గలేదు."

"జొరానికీ పంటికీ ఏం పొత్తే?"

"నాకు తెలీదు. గంజి తాగిద్దామని లేపి ఆనించి పట్టుకుంటే ఆయన గుండె గువ్వలా కూసేది. నీ రొమ్ము మీద తల పెట్టినా అదే కూత ఇనపడతంది."

ఆమె తాడు తెగ్గోసేసింది.

"పన్ను నాదే!"

"నీదే. నోట్లోనే ఉంచుకో. ఇదిగో, లవంగం."