చిలుక మానని దగ్గు

నా అసలు పేరు అడిగితే పోస్టుమ్యానుకు కూడా తెలియదు. వీధిలో అందరికీ మిషనత్తను, అలాగే రాయమన్నాను. వయసు అరవై రెండు. పాత బట్టలు సరిచేసి కుడతాను. కూతురు, అల్లుడితో కింది వాటాలో ఉంటాను. అల్లుడు సిటీ బస్సు డ్రైవరు. అతను మళ్లీ గంజాయి తాగుతున్నాడని పై వాటాలో ఉండే లెక్కల మాస్టారు పోలీసులకు ఫిర్యాదు చేశారు. దాంతో సోమవారం అతనికి తిరిగి ఇవ్వాల్సిన బస్సును డిపోవాళ్లు ఆపేశారు. అందుకే ఈ స్టేషనుకు వచ్చి చెప్పి రాయిస్తున్నాను.

తాగేవాడు, దాచను. ఆరేళ్లు తాగాడు. పొద్దున్నే ఇల్లు అదిరేలా దగ్గేవాడు. మాట మధ్యలో ఆగిపోయి, "ఇంతకీ నేనేమంటున్నాను?" అని మమ్మల్నే అడిగేవాడు. పాలకని వెళ్లి చీపురు తెచ్చేవాడు. ఒకరోజు ఎర్ర లైటు చూసి కూడా బస్సు ఆపడం ఆలస్యం చేశాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ సాయంత్రమే తాళాలు డిపోలో అప్పగించి ఆసుపత్రికి వెళ్లాడు. పొగ ఊపిరితిత్తులను పాడుచేస్తోందని, జ్ఞాపకశక్తి, చురుకుదనం తగ్గాయని, ఆ మత్తులో బండి నడపడం ప్రాణాలతో చెలగాటమని డాక్టరమ్మ చెప్పింది. మానేశాక కొన్ని వారాలు నిద్ర పట్టలేదు, తిండి సయించలేదు. అయినదానికీ కానిదానికీ కసిరాడు. నేనూ తక్కువ తినలేదు, తిరిగి కసిరాను. ఇప్పటికి ఎనిమిది నెలలు. ఒంట్లో గంజాయి ఆనవాలేమీ లేదని పరీక్షల్లో తేలింది.

అల్లుడు మానేశాడు గానీ మా చిలుక మానలేదు. ఆరేళ్లు విన్న దగ్గును అది పొల్లుపోకుండా దగ్గుతుంది. మాస్టారు విన్నది దాన్నే.

నిన్న ఉదయం ఆరుంబావుకు ఎస్సైగారు మాస్టారును వెంటబెట్టుకొచ్చి మా తలుపు కొట్టారు. అల్లుడు మానేశాడని నేను చెబుతుండగానే లోపల దగ్గు మొదలైంది.

"మానేశాడన్నావుగా అమ్మా? పిలువు బయటికి," అన్నారు.

"మీ వెనకే ఉన్నాడుగా బాబూ," అన్నాను.

అల్లుడు మెట్ల దగ్గర పాల ప్యాకెట్లతో నిలబడి ఉన్నాడు. పాలే, చీపురు కాదు. ఎస్సైగారు పంజరం దాకా వెళ్లారు. చిలుక ఆయన్ను ఎగాదిగా చూసి, "ఇంతకీ నేనేమంటున్నాను?" అంది.

"అదే, గంజాయి సంగతి..." అని ఆయన జవాబు మొదలుపెట్టి నాలుక కరుచుకున్నారు.

"ఆ దగ్గు నాదే సార్. దానికి నేర్పింది నేనే. నేను మానగలిగాను, దానిచేత మాన్పించలేకపోతున్నా," అన్నాడు అల్లుడు.

ముందు మాస్టారు నవ్వారు, తర్వాత అందరం. నా కూతురు గుమ్మం పట్టుకుని నవ్వీ నవ్వీ ఏడ్చేసింది. మా ఇంట్లో అంత నవ్వు విని ఎన్నేళ్లయిందో! నాకు ప్రాణం లేచొచ్చింది.

చిలుకను ఎవరికైనా ఇచ్చేయమని ఎస్సైగారి సలహా. ఇవ్వం. ఏమంటున్నానని అది అడిగినప్పుడల్లా అల్లుడు పని ఆపి, తను అంటున్న మాటను మొదటినుంచి చివరిదాకా దానికి చెబుతాడు. నేను మిషను ఆపి వింటాను.

అతను తాగిన ఆరేళ్లూ అతను నడిపే బస్సు నేను ఎక్కలేదు. భయం. ఆ బస్సు అతనికి ఇప్పించండి. సోమవారం మొదటి ట్రిప్పులో ముందు సీటు నాది.

రాసింది చదివి వినిపించారు. దగ్గును అక్షరాల్లో పెట్టడం కుదరదన్నారు. అదొక్కటి తప్ప నేను చెప్పిందంతా ఇందులో ఉంది, అంతా నిజం.

ఎడమ బొటనవేలి ముద్ర. (కుడి వేలికి సూది గుచ్చుకుంది.)
మిషనత్త