మైకు ఆగిన తర్వాత

వాతావరణ మార్పుపై దేశదేశాల మంత్రులు మాట్లాడుకుంటున్న సభకు భోజన విరామం ఇచ్చారు. ప్రసంగాలను అనువదించి వినిపించే అద్దాల గదిలో అనువాదకురాలు చెవుల మీంచి హెడ్‌ఫోన్లు ఇంకా తీయలేదు. పర్యవేక్షకుడు విసురుగా లోపలికి వచ్చాడు.

“టైమైపోయిందని ఆ ద్వీప దేశం మంత్రి మైకు కట్టేశారు కదమ్మా! నువ్వు అనువాదం ఎందుకు ఆపలేదు?”

“సముద్రంలో కొట్టుకుపోయినవాళ్ల పేర్లు ఆయన చదువుతూనే ఉన్నారు సార్. నా దగ్గరా ఆ కాగితం ఉంది. నోరు ఆగలేదు.”

“సభంతా నీ గొంతే వింది. ఇప్పుడు పైవాళ్లకి నేనేం చెప్పుకోను?”

“మంత్రిగారు కోప్పడ్డారా?”

“లేదు. బయట నిలబడి కళ్లు తుడుచుకుంటున్నారు. పదిహేడు పేర్లిస్తే పద్దెనిమిది చదివావట. ఆ చివరి పేరు ఎవరిదో కనుక్కోమన్నారు.”

ఆమె తలెత్తలేదు.

“మా తమ్ముడిది సార్. వరదొచ్చిన రోజు నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు.”