కోతి పాడె లేవనివ్వను

సభాధ్యక్షులు, వక్కతోటల సంఘం పెద్ద హూవప్ప గౌడగారికి, ముందు వరసలోని ఊరి పెద్దలకు, వెనక తలుపు దగ్గర నిలబడి భోజనాల వాసన చూస్తున్న మిత్రులకు నమస్కారం. (నవ్వులు)

ఈ మలెనాడులో పశువుల డాక్టరుగా ఇన్నేళ్లూ మీ మధ్యే బతికాను. మీరు కాఫీ పోశారు, వేడివేడి కడుబు పెట్టారు, నా మాట వినడం తప్ప అన్నీ చేశారు. గౌడగారు ఇందాక నన్ను 'మా ఆడపడుచు' అన్నారు. సంతోషం. పుట్టింట్లో గొడవ పెట్టకుండా ఏ ఆడపడుచు వెళ్లింది గనక! (నవ్వులు)

పొద్దున గౌడగారి తోటలో కోతి చచ్చిపడింది. "ఇవాళ మీ పదవీ విరమణ సన్మానం, ఆ ఊసెత్తకండి డాక్టరమ్మా" అని కబురు పంపారు. ఎత్తుతాను. మారుతి అంశ అని దాన్ని పసుపునీళ్లతో కడిగి, దండ వేసి, పాడె మీద ఊరేగిస్తారు మీరు. దాని ఒళ్లు చల్లబడగానే, కోతిజ్వరం మోసే పిడుదులు దిగి, ఇంకో వెచ్చటి ఒళ్లు వెతుక్కుంటాయి. పోయినేడు అలా పాడెకు భుజం పట్టిన నాగవేణమ్మ పెనిమిటి, జ్వరంతో ముక్కున నెత్తురు కారి పోయాడు. తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

ఆ జ్వరం కోతి శాపమట! అడవి నరికి వక్క నాటిందెవరు? మిగిలిన అడవిలోకి పశువుల్ని తోలి, ఎండాకుల మోపులతో పిడుదుల్ని కొట్టంలోకి మోసుకొచ్చిందెవరు? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మనకంటే ముందు చచ్చే కోతిని ఆడిపోసుకుంటే ఎలా?

"దేవుడికి దండం పెట్టొద్దంటారా?" అని గౌడగారు గొణుగుతున్నారు. పెట్టండి, దూరం నుంచి పెట్టండి. ముట్టుకుంటే తప్ప ఆయనకు కనబడరా? (చప్పట్లు) అలా ఉరిమి చూడకండి గౌడగారూ, సాయంత్రం దాకా నా ఉద్యోగం నాదే. ఇవాళ్టికి మీరు కట్టి ఉంచిన ఆ పాడెకు నేను అడ్డం పడుకుంటాను.

ఏమిటి నాగవేణమ్మా? లేచి గట్టిగా చెప్పు, అందరూ వినాలి.

"అడ్డం పడుకోనక్కర్లేదు డాక్టరమ్మా! కోతిని ఎక్కించకముందే ఆ పాడె వెదుళ్లు విరిచి నా నీళ్ల పొయ్యిలో పెట్టొచ్చాను. ఎవడొచ్చి అడుగుతాడో అడగనీ!"

(చాలాసేపు చప్పట్లు)

ఇంతకంటే పెద్ద శాలువా నాకెవరు కప్పుతారు? కళ్లు తుడుచుకోనివ్వండి. సరే, తోటలో మందు చల్లి కోతిని కాల్చాలి, నేను బయల్దేరుతున్నాను. అన్నం పెట్టిన చేతులన్నిటికీ దండాలు. గౌడగారూ, పిడుదులు అంటకుండా కాళ్లకు తైలం రాసుకుని ముందు మీరు నడవండి, తోట మీది. సెలవు.