లెక్కల మాస్టారు ఇంట్లో లేరు

అలా గుమ్మంలో నిలబడి నన్ను చూస్తే ఏం లాభమండీ హెడ్మాస్టారూ? ఆయన డ్యూటీకి వెళ్లారని చెప్పాను కదా. కూర్చోండి, టీ పెట్టాను.

బడి మానేసి సహాయసంస్థ కారు తోలుకుంటున్నాడని ఊరంతా మా ఆయన్ని ఆడిపోసుకుంటోంది. మరి యుద్ధం మొదలయ్యాక మీ బడిలో జీతం సరిగ్గా ఏనాడైనా వచ్చిందా? వాళ్లు నెల తిరిగేసరికి చేతిలో పెడుతున్నారు. లెక్కల మాస్టారికి ఆ మాత్రం లెక్క రాదా?

బడికి కొత్త రేకులు వేయించిందీ, పిల్లలకి సంచులిచ్చిందీ వాళ్లే. కాదనను. కానీ రేకులిచ్చిన చేత్తోనే మాస్టార్లని పట్టుకుపోయారు. ఇంగ్లిషు పంతులమ్మ వాళ్లకి దుబాసీ, సైన్సు ఆయన గోడౌన్ కాపలా. మీకు మిగిలింది గంట కొట్టే బంట్రోతు. నవ్వుతున్నారా? నవ్వండి, పోనీ.

అన్నట్టు, దారిలో గేటు దగ్గర తుపాకీ పట్టుకుని నిలబడేవాడు ఈయన శిష్యుడేనట. "బాగున్నారా మాస్టారూ" అంటూ కార్లోని మందుల పెట్టెల్లో పావు వంతు దించుకుంటాడు. పావంటే పావే, ఒక్కటి ఎక్కువ ముట్టడు. చదువు చెప్పినందుకు ఆ మాత్రం మర్యాద. ఆ మందులతో ఆ తుపాకీవాళ్ల గాయాలు మానతాయి, మానాక మళ్లీ కాల్చుకోడానికి పోతారు. పావు ఇవ్వనంటే మన ఆసుపత్రికి ఆ ముప్పావూ చేరదు. ఏం చెయ్యమంటారు?

మీ కోడలికి నొప్పులొచ్చి, రోడ్లన్నీ మూసేసిన రోజున ఆ కారే కదండీ దిక్కయింది? దెప్పడం కాదు. మనవడు బాగున్నాడా?

ఏంటి... రేపు వాడికి లెక్కలెవరు చెప్తారంటారా?

అడగాల్సినవాళ్లే అడిగారు. ఇంక దాచి ఏం లాభం? ఆయన డ్యూటీకి వెళ్లలేదు. మీ గొంతు వినగానే పక్కగదిలో దూరి తలుపేసుకున్నారు. లేరని చెప్పమన్నదీ ఆయనే. ఈ మధ్య కారెక్కినవాళ్లందరి చేతా ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నారట. మొన్న ఆ సంస్థ పెద్దాఫీసరు పదమూడో ఎక్కం దగ్గర తడబడితే మళ్లీ మొదట్నుంచీ చెప్పించారట. మీరు ఒక్క కేక వేస్తే చాలు, చొక్కా తగిలించుకుని మీ వెనకాలే వచ్చేస్తారు. ఆయన్ని నేనెరగనా?

అందుకే చేతులు జోడిస్తున్నాను, పిలవకండి. ఇంట్లో పిల్లలున్నారు.

లేచారేం? పిలవకుండానే వెళ్లిపోతున్నారా?

అదేంటండీ... పోనీ, ఒక్క మాట తిట్టి అయినా వెళ్లండి.