పసుపు బెజ్జంలో తెల్ల వైరు

పెంచలమ్మకి గాజులు పగలగొట్టిన రోజే ఆమె ఇంట్లో టీవీ వైర్లు కూడా పీకేసినారంట. నవ్వబాకండి. నవ్వించేదానికి చెప్పడంలా నేను. పెంచలమ్మంటే ఎవురనుకున్నారు, మా అమ్మగారి ఊళ్ళో చెక్కభజన గురువు మాలకొండయ్య పెళ్ళాం. ఆయన చెక్కలు చేతబట్టి, కాళ్ళకి గజ్జెలు కట్టి ఎగిరినాడంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరనాళ్ళకి వచ్చినట్టు వచ్చేవి అనుకోండి. ఊరంతా చూసింది ఆయన ఆట. చూడనిది ఎవురంటే ఆ మహాతల్లి ఒక్కతే. ఎందుకంటారా? జట్టు ఎగిరేది వీధిలో, జట్టుకి అన్నం వండేది పెరట్లో. ఆయన పాట అందుకున్నప్పుడల్లా ఈమె పొయ్యి ఊదతా ఉండేది. చెవులతో వినింది, కండ్లతో చూళ్ళా. ఇన్నేళ్ళ కాపరంలో ఒక్క మొగోడికన్నా తట్టిందా, ఆ గరిటె ఇట్టా తే తల్లీ, నువ్వు పోయి కాసేపు మొగుడి ఆట చూసిరా అని? తట్టలా. సరే, ఏమైందంటే, ఒకనాడు టీవీవోళ్ళు వచ్చి, జట్టునంతా నిలబెట్టి, ఆట వీడియో తీసుకోని పోయినారు. మాలకొండయ్య ఇంటికొచ్చి, "ఒసే, ఇంక నీకు సాకు లేదు, టీవీలో వేస్తారంట, ఆ పూట పొయ్యి జోలికి పోబాక, కాలు చాపుకోని కూర్చోని చూడు" అన్నాడంట. ఆమె సిగ్గుపడి, చూస్తాలే అన్నదంట. అది వేసేలోపలే ఆయన చేలో గుండె పట్టుకోని పడిపోయినాడు. మంచం మీదకి చేర్చేలోపల పానం పోయింది.

ఇంక పెద్దకర్మ చేసే పెద్దదినం వచ్చింది. మాలకొండయ్యకి పెద్దమ్మ, చెంగమ్మ అని ఉండాది, అంటే పెంచలమ్మకి పెద్దత్త అవుద్ది. ఆ ఇంట్లో ఆమె చెప్పిందే చట్టం. ఆమె కూడా మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషే, ఆమెకీ ఒకప్పుడు ఇట్టాగే చేసినారు, ఆ బాధ తెలిసింది గదా, కాస్త జాలి ఉంటదనుకుంటాం. ఏం జాలి! నాకు చేసినారు గాబట్టి దీనికీ చెయ్యాల, ఒక పిసరు ఎక్కువే చెయ్యాల, అదీ ఆమె వరస. గాజులు పగలగొట్టించింది, పూలు తీయించింది, బొట్టు తుడిపించింది. ఆడికన్నా ఆగిందా? ఇల్లంతా కలయజూసింది. గడపకి పూసిన పసుపు కడిగించింది. గూట్లో కుంకం బరిణ తీసేసింది. దండెం మీద ఎర్ర దుప్పటి తీసేసింది. ఆ చూపు పోయి పోయి టీవీ ఎనకమాల పడింది. మీకు తెలుసు గదా, మిద్దె మీద డిష్షు గొడుగు కాడ నించి వైరొచ్చే డబ్బా ఒకటి, టీవీ ఒకటి, ఆ రెండిటి మధ్యన మూడు వైర్లు పెడతారు. పసుపుది ఒకటి, ఎర్రది ఒకటి, తెల్లది ఒకటి, ఏ రంగుది ఆ రంగు బెజ్జంలో దూరుస్తారు. పసుపు దాంట్లో బొమ్మొస్తది, ఎర్రదాంట్లో తెల్లదాంట్లో మాటొస్తది. చెంగమ్మకి అదంతా ఏం తెలుసు? ఆమెకి కనపడింది పసుపూ కుంకమే. "అయ్యో అయ్యో, మొగుడు పోయిన ఇంట్లో పసుపూ ఎరుపూ జంటగా యాలాడతా ఉండాయే, చూసినోళ్ళు ఏమనుకుంటారు!" అని ఆ రెండిటినీ పీకి, తెల్లదాని నించి చీల్చి, పగిలిన గాజులతో పాటు గుడ్డలో మూటగట్టి కాలవలో వదిలేసి వచ్చిందంట. తెల్లది మాత్రం ఉన్నచోటనే ఉండనిచ్చిందంట, అది విధవకి తగిన రంగంట! వింటున్నారా? కరెంటు సామానుకి కూడా కర్మ చేసిన ఊరమ్మా అది.

మూల కూర్చోబెట్టిన మనిషి ఇయ్యన్నీ యాడ చూస్తది? చావు జరిగిన ఇంట్లో టీవీ పెట్టరు గదా, దాని జోలికే ఎవురూ పోలా. కొన్నాళ్ళకి కబురొచ్చింది, వచ్చే ఆదివారం మధ్యాన్నం మన జట్టు ఆట వేస్తారు, ఒక్కసారే వేస్తారు అని. పెంచలమ్మకి పానం లేచొచ్చింది. మరి ఎవురింట్లో చూడాల? ఏడాది తిరిగేదాకా వీధిలోకి రాకూడదు, ఇంకొకరి గడప తొక్కకూడదు గదా! తొక్కితే ఆ ఇంటికి అరిష్టమంట. మాలకొండయ్య బతికుండగా ఆమె చేతి అన్నం తినని ఇల్లు లేదు ఆ వీధిలో. అప్పుడు లేని అరిష్టం ఇప్పుడు యాడ నించి ఊడిపడిందో! అందుకని ఇంక ఆమెకి తన ఇంట్లో టీవీయే దిక్కు. జట్టువోళ్ళు మాత్రం మంచోళ్ళే, అన్యాయంగా ఎందుకనాల. "వదినా, ఎవురిండ్లలో వాళ్ళం చూసుకుంటే గురువుకి మర్యాద కాదు, నీతో పాటు ఈడే చూస్తాం" అని అన్నాలు తిని అందరూ వచ్చి చాపల మీద కూర్చున్నారంట. ఆమె తల దువ్వుకోని, ఉతికిన చీర కట్టుకోని, టీవీకి సరిగ్గా ఎదురుగ్గా కూర్చుంది.

మరిది రవణయ్య టీవీ పెట్టినాడు. మాటొచ్చింది. ఎవతో సబ్బు గురించి గలగలా మాట్లాడతా ఉండాది. బొమ్మ లేదు. తెరంతా నలుపు. ఇంకేముంది, మొగోళ్ళంతా వైద్యులైపోయినారు. ఒకడు టీవీ నెత్తిన ఫెడీఫెడీమని బాదినాడు. ఒకడు రిమోట్లో బ్యాటరీలు తీసి, అరచేతిలో రుద్ది, మళ్ళా పెట్టినాడు. ఒకడు డబ్బా ఆపి పెట్టి, ఆపి పెట్టి, దానికి ఊపిరాడకుండా చేసినాడు. ఇంకొకడు, గొడుగులో పిట్ట గూడు కట్టుంటది అన్నాడు. ఆ ముక్క చాలు, రవణయ్య మిద్దెక్కినాడు. పైన నించి "వచ్చిందా?" అంటాడు, కింద నించి "రాలా!" అంటారు. "ఇప్పుడో?" "రాలా!" ఏమయ్యా, మాట వినపడతా ఉండాదంటే గొడుగు బాగానే ఉన్నట్టు గదా! దాన్నెందుకు తిప్పేది? పెంచలమ్మ అదే అన్నదంట, "రవణా, దాన్ని ముట్టుకోబాకయ్యా, మాటొస్తా ఉండాది గదా" అని. "నీకేం తెలుసు వదినా, నువ్వుండు" అన్నాడంట ఆ పెద్ద మనిషి. తిప్పి తిప్పి ఆ ఉన్న మాట కూడా పోగొట్టినాడు. "పోయింది, పోయింది, ఎనక్కి తిప్పరా!" అని కింద ఒకటే కేకలు. ఆ గోలలో చెంగమ్మ గోడకి ఆనుకోని కూర్చోని ఏమన్నదో తెలుసా? "మొగుణ్ణి మింగినది ఎదురుగ్గా కూర్చుంటే బొమ్మెట్టా వస్తది, పక్కకి జరగమనండి" అన్నది. నాకిప్పుడు చెప్తా ఉంటేనే ఒళ్ళు మండిపోతా ఉండాది. దానికన్నా ఘోరం ఏందంటే, జట్టులో ఒకడు మెల్లిగా "పోనీ జరుగు వదినా, పెద్దామె చెప్తా ఉండాది గదా" అన్నాడంట. మంచోళ్ళని ఇప్పుడేగా చెప్పినా, ఆ మంచి ఆ మాత్రమే. ఆమె లేచి, టీవీ పక్కన గోడవారకి జరిగి కూర్చుంది.

జరిగినాక బొమ్మొచ్చిందా? రాలా. కానీ ఆ పక్కన కూర్చుంటే టీవీ ఎనకమాల కనపడింది ఆమెకి. మూడు బెజ్జాల్లో రెండు ఖాళీ. "ఇందులో పసుపు వైరు, ఎర్ర వైరు ఉండాల గదా, ఏమైనాయి?" అని అడిగింది. చెంగమ్మ గొప్పగా, "నేనే తీసినా. పెద్దదినాన గాజులతో కూడా కాలవలో కలిపేసినా. నీ మంచికే లేవే" అన్నదంట. ఇంతమంది మొగోళ్ళు మిద్దెక్కి దిగి, టీవీని చావబాది, రిమోట్ని కడుపు కోసి, ఒక్కడన్నా ఆ ఎనక్కి తొంగిచూసినాడా? లేదే! అప్పటికి పైన రవణయ్య గొడుగుని ఎట్టనో మొదటిలాగా పెట్టినాడు, మాట తిరిగొచ్చింది. వచ్చీ రాగానే ఆ టీవీలో ఆమె, ఇప్పుడు మీరు ఫలానా ఊరి జట్టు చెక్కభజన చూస్తారు అని, మా అమ్మగారి ఊరి పేరు చెప్తా ఉండాది.

రవణయ్య మిద్దె దిగి పక్కింటి తిరుపాలమ్మ ఇంటికి పరిగెత్తినాడంట. "అక్కా, మీరు పెద్ద టీవీ పెట్టుకోని చిన్న టీవీ మూలన పడేసినారు గదా, దాని వైర్లు ఇయ్యి, ఆట అయిపోగానే తెచ్చిస్తా" అన్నాడు. ఆ వైర్లు గూట్లో చుట్టబెట్టి ఉండాయి, ఎవురికీ పనికొచ్చేవి కూడా కాదు. తిరుపాలమ్మ తీసింది, చేతిదాకా వచ్చింది, అంతలో అనుమానం పుట్టింది. "అవునురా, ఆ ఇంటికి పోయొచ్చిన పసుపు వైరు మళ్ళా నా ఇంట్లో ఎట్టా పెట్టుకునేది? నా మొగుడు చల్లగా ఉండాల గదా" అని ఎనక్కి గూట్లో పెట్టేసిందంట! చూడండమ్మా! సాటి ఆడది! పెంచలమ్మ దగ్గర పులుసూ కూరా గిన్నెలతో తీసకపోయిన మనిషి! అంత భయం ఉంటే, తీసుకోని పో నాయనా, నాకు తిరిగియ్యబాక అని చెప్పొచ్చు గదా? ఆ ముక్క నోటికి రాలా. రవణయ్య ఉత్త చేతులతో తిరిగొచ్చినాడు.

వచ్చేసరికి ఈడ పాట ఎత్తుకున్నారు. మాలకొండయ్య గొంతు. ఇల్లంతా నిండిపోయింది ఆ గొంతు. జట్టువోళ్ళు ఒక్కొక్కడే కండ్లు తుడుచుకుంటా ఉండారు. "పోనీలే వదినా, గొంతన్నా వినపడింది, అదే పదివేలు" అన్నాడు ఒకడు. అప్పుడు పెంచలమ్మకి వచ్చింది కోపం. ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నించీ రానిది, గాజులు పగలగొట్టినప్పుడు రానిది, పక్కకి జరగమన్నప్పుడు రానిది, అప్పుడొచ్చింది. "గొంతు నేను జన్మంతా విన్నానయ్యా పొయ్యి కాడ కూర్చోని! మీకు వండతా విన్నా! ఇయ్యాలన్నా మనిషిని చూడాల నేను!" అని లేచి, ఆ మిగిలిన తెల్ల వైరు పట్టుకోని పీకింది. గొంతు ఆగిపోయింది. అందరూ అయ్యయ్యో అన్నారు. ఆమె ఆ తెల్ల వైరుని ముందు డబ్బాకి పసుపు బెజ్జంలో దూర్చింది, పైన రంగే వేరు గానీ లోపల తీగ ఒకటే గదా. చెంగమ్మ గుండెలు బాదుకోని, "పసుపు దాంట్లో తెల్లది పెడతావంటే, ఈ ఇల్లు ఏమైపోవాల!" అని అరిచింది. "ఏమైపోవాల్నో అది అయిపోయింది గదత్తా, ఇంకా పోయేదానికి ఏముండాది ఈడ?" అన్నది పెంచలమ్మ. అని, రెండో కొస టీవీకి పసుపు బెజ్జంలో దూర్చింది.

బొమ్మ పడింది. మాలకొండయ్య. చెక్కలు ఎత్తి పట్టుకోని నిండుగా ఉండాడు. మాటా లేదు, గజ్జెల మోతా లేదు, నోరు మాత్రం ఆడతా ఉండాది. అంతలో పక్కకి జరుగు వదినా అన్నాడే, వాడే, గూట్లో ఉన్న చెక్కలు తీసినాడంట. గురువు పెదాలు చూసి పాట అందుకున్నాడు. ఎనకనే అందరూ లేచినారు. తెరలో వాళ్ళే ఎగురతా ఉండారు, ఈడా వాళ్ళే పాడతా ఉండారు, మధ్యన మాలకొండయ్య మూగగా ఆడతా ఉండాడు. ఆయన తిరిగి తిరిగి తలగుడ్డ జారితే ఒంటిచేత్తో ఎగదోసుకోని నవ్వినాడంట. పెంచలమ్మ టీవీకి మూరెడు దూరంలో కూర్చోని, "ఇట్టనా నువ్వు ఎగిరేది... ఇట్టనా" అని ఆయనతోనే మాట్లాడిందంట. ఆట అయిపోయేదాకా కంటి రెప్ప వాల్చలా. చెంగమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకోని ఏడ్చిందంట. ఏడవనీ. నాకైతే జాలి లేదు.

మర్నాడు పొద్దెక్కినాక పెంచలమ్మ గడప దాటి, పట్టపగలు నడి వీధిలో నడిచి, బస్సెక్కి పోయి కొత్త వైర్లు కొనుక్కోని వచ్చింది. అరుగుల మీద అందరూ ఉండారు. తిరుపాలమ్మ ఉండాది, చెంగమ్మ ఉండాది, పెద్ద మనుషులు ఉండారు. ఒక్కరు నోరు తెరవలా. మరి పెద్దదినాన ఆమె చేతులు రాయి మీద పెట్టి గాజులు పగలగొట్టేటప్పుడు కూడా వీళ్ళందరూ ఆడనే నిలబడి ఉండారు, అప్పుడూ ఒక్కరు నోరు తెరవలా. ఆ ఊరోళ్ళు నోరు మూసుకోని ఉంటే ఒక మనిషికి మేలు జరిగింది మాత్రం ఆ ఒక్క పొద్దేనమ్మా. చాల్లే, లెయ్యండి ఇంక.