బంగారు తుమ్ము

టీకొట్టు అక్కకి తమ్ముడంటే ప్రాణం, తమ్ముడి కోతలంటే చిరాకు. పాత కంప్యూటర్లు విప్పే షెడ్డులో అతనికి ఉద్యోగం వచ్చినప్పటి నుంచి ఆ కోతలకి బంగారు పూత కూడా పడింది. ఇన్నాళ్ళూ విని నవ్వుకుంది గానీ, ఆ రోజు ఆమెకి నవ్వు రావడం లేదు. పక్కనే కంప్యూటర్ రిపేరు షాపు నడిపే ఆమె మొగుడు బావమరిది మాటలు నమ్మి, పొద్దున్నే ఓ క్యాను యాసిడ్ తెచ్చి టీకొట్టు వెనకే ఉన్న ఇంటి వంటింట్లో పెట్టాడు. షాపులో గుట్టపడ్డ చిప్పులన్నీ ఇంట్లోనే ఉడకబెట్టి బంగారం తీస్తాడట. వద్దని ఆమె మొత్తుకుంటే, నీ తమ్ముడు ఒట్టి చేతులతో చేసినప్పుడు నేను చెయ్యలేనా అన్నాడు.

సాయంత్రం తమ్ముడు రాగానే బావా, రోజూ టీకొచ్చే ఎదురుకొట్టు టైలరూ చెరోపక్కకీ జరిగి బెంచీ మీద చోటిచ్చారు. టీ చల్లారకముందే అతను అందుకున్నాడు.

"పెద్ద విషయమేం కాదు బావా. గుప్పెడు చిప్పులు గిన్నెలో వేశాను, యాసిడ్ పోశాను, అడుగున ఆవగింజంత బంగారం మిగిలింది. ఎవరైనా చేస్తారు."

అక్కడితో ఆపే మనిషైతే అక్కకి ఈ తిప్పలుండేవి కావు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఆవగింజని వేలితో ఇలా తోశానో లేదో, చింతగింజంత అయి కూర్చుంది. ఇదేదో బాగుందే అని ఇంకో బస్తా కుమ్మరించాను. చేతికి తొడుగుల్లేవు, ముక్కుకి గుడ్డ లేదు, మనకెందుకవన్నీ, మోచేతి దాకా యాసిడ్లో పెట్టి కలుపుతున్నాను, అది గుమ్మడికాయంత అయి, గిన్నెలో పట్టక, పాలు పొంగినట్టు పొంగి, పొయ్యి దిగి, గడప దాటి, మురిక్కాలవలో పడి వీధి చివరిదాకా పోయింది. తెల్లారి చూస్తే కాలవలో ఎలకలన్నిటికీ బంగారు మీసాలు."

"ఆ పొగకి దగ్గు రాలేదా?" అన్నాడు టైలరు.

"దగ్గా? గుండెల నిండా పీల్చాను. దగ్గు కాదు, తుమ్మొచ్చింది. ఒక్క తుమ్ము తుమ్మితే ఎదురు గోడంతా బంగారు పూత. మా ఓనరు ఆ గోడకి తలుపు పెట్టించి తాళం వేశాడు. నాకు జలుబు చేసిందంటే ఇప్పటికీ సెలవివ్వడు, ఇంటికి కారు పంపిస్తాడు."

టైలరు ముసిముసిగా నవ్వుకున్నాడు. బావ మాత్రం నవ్వలేదు. ఎంతసేపు కాచాలి, మంట ఎంతుండాలి అని అడుగుతూ చొక్కా చేతులు మడుస్తున్నాడు. అది చూసి అక్క తమ్ముడి మీద వచ్చిన కోపాన్ని దిగమింగుకుని లోపలికి వెళ్ళింది. ఓ వెడల్పాటి బేసిన్ ఒంటికి ఎడంగా పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ వచ్చి ముగ్గురి ముందూ స్టూలు మీద పెట్టింది.

"మీ బావ తెచ్చిన యాసిడ్ రా ఇది. ఎలాగూ వచ్చావు, చెయ్యి పెట్టి ఎలా కలపాలో ఒక్కసారి చూపించు."

తమ్ముడు రెండు చేతులూ వెనక్కి లాక్కున్నాడు. ఈలోగా బావ, రంగు చూద్దామని కాబోలు, బేసిన్ మీదికి వంగాడు. తమ్ముడు అతని చొక్కా పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. టీ గ్లాసు ఎగిరి అవతల పడింది.

"వంగకు బావా, ఊపిరి బిగబట్టు. కళ్ళు పోతాయి. అక్కా, నువ్వూ దూరం జరుగు. ఇదేమన్నా ఇళ్ళల్లో చేసే పనా?"

"మరి నువ్వు చేశావుగా?" అన్నాడు బావ.

"నేనెక్కడ చేశాను? నన్నా గదిలోకే రానివ్వరు. బయట కూర్చుని బోర్డుల మీంచి చిప్పులు ఊడదీస్తాను, అంతే నా పని. లోపల పని నేర్చినవాళ్ళుంటారు. ఒళ్ళంతా తొడుగులు, కళ్ళకి అద్దాలు, ముఖానికి మాస్కు. అంతా మూసేసిన అద్దాల పెట్టెలోనే చేస్తారు, ఆ పొగని కూడా గొట్టాలతో లాగి, కడిగి గానీ బయటికి వదలరు. నేను కిటికీలోంచి చూస్తాను. అదీ వాళ్ళు తరిమేదాకా."

అక్క బేసిన్లో చెయ్యి పెట్టింది. తమ్ముడు కెవ్వుమనేలోపే అడుగునుంచి ఓ గ్లాసు తీసి, పీచుతో తోమడం మొదలుపెట్టింది.

"గ్లాసులు కడిగే నీళ్ళురా" అంది.

టైలరుకి టీ పొలమారింది. బావ మడిచిన చొక్కా చేతులు దించుకున్నాడు. తర్వాత, ఆ క్యాను మూతైనా తియ్యలేదని, దాన్నీ చిప్పులనీ కలిపి షెడ్డుకే పట్టుకుపొమ్మని బావమరిదికి చెప్పాడు. పొద్దున్నుంచి గుండెల మీదున్న బరువు దిగిపోయి, అక్క తమ్ముడికి ఇంకో టీ కలిపింది.

"నీళ్ళని నాకు ముందే తెలుసక్కా" అన్నాడు తమ్ముడు, బావ చొక్కా ఇంకా వదలకుండానే.